నెలలు నిండని బిడ్డ – ఆస్పత్రిలో తల్లి మనసు

37 వారాలు నిండకముందే పుట్టినవారిని నెలలు నిండని బిడ్డలు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతటా ఇలా 1.34 కోట్ల మంది పుట్టారు. అందులో సుమారు 30 లక్షల మంది మన దేశంలోనే. బిడ్డను డాక్టర్లు చూస్తారు. తల్లి మనసును ఇంటివాళ్ళే చూసుకోవాలి గనుక యాపలదిన్ని పరిసరాల తెలుగు కుటుంబాల కోసం ఈ వివరాలు ఇస్తున్నాము.

తల్లి పడే బాధ

కాన్పు కాగానే బిడ్డను ఐసీయూకు తీసుకెళ్తారు. పక్క మంచాల మీద బాలింతలు పిల్లలకు పాలిస్తుంటే ఈమె ఒడి ఖాళీగా ఉంటుంది. గొట్టాలు, వైర్ల మధ్య బిడ్డను ముట్టుకోవాలన్నా భయమే. మిషన్ కూసినప్పుడల్లా గుండె జారిపోతుంది. దక్కుతాడో లేడోనని కొందరు మనసు రాయి చేసుకుని దూరంగా నిలబడతారు. అది ప్రేమ లేక కాదు, భయం వల్ల. గద్వాల, కర్నూలు వైపు నుంచి వచ్చిన కొత్త కోడళ్ళకు కన్నడం సరిగా రాకపోతే, నర్సు చెప్పింది సగమే అర్థమై భయం ఇంకా పెరుగుతుంది. కన్నడం బాగా వచ్చినవారు ఒకరు తోడుండాలి.

అనకూడని మాటలు

"బరువు ఎత్తావు, గ్రహణం చూశావు" అని నిందించవద్దు. రక్తపోటు, ఇన్ఫెక్షన్లు, కవలలు వంటివి కారణాలు. చాలాసార్లు కారణమే తెలియదు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. "ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డ బతకడు" అన్నదీ తప్పే. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే.

తల్లి చేయగలిగింది

తల్లి పిండి ఇచ్చిన పాలు, నాలుగు చుక్కలైనా, గొట్టం ద్వారా బిడ్డకు పడతారు. దిగులు ఎక్కువైతే పాలు దిగడం ఆలస్యం కావచ్చు. "పాలు లేవు" అని తొందరపడి తేల్చవద్దు.

బిడ్డను రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టుకోవడాన్ని కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. మన దేశంతో కలిపి ఐదు దేశాల ఆస్పత్రుల్లో తక్కువ బరువు బిడ్డలపై చేసిన పరిశోధన ఫలితం 2021లో వచ్చింది. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. పక్కనున్న కొప్పళ జిల్లాలోనూ దీన్ని విస్తృతంగా అమలుచేసి చూశారు. డాక్టరును అడిగి మొదలుపెట్టండి. తండ్రి, అమ్మమ్మ, నానమ్మ కూడా చేయవచ్చు. బిడ్డ ఒంటి మీదికి వచ్చాకే "వీడు నా బిడ్డ" అన్న ధైర్యం చాలామంది తల్లులకు కలుగుతుంది.

సాయం ఎక్కడ

జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఏడాదిలోపు బిడ్డకు జబ్బు చేస్తే చికిత్స, మందులు, రవాణా ఉచితం. ఇంటికి వచ్చాక ఆశా కార్యకర్త చూడడానికి వస్తారు. రెండు వారాలు దాటినా తల్లికి ఏడుపు ఆగకపోయినా, నిద్ర పట్టకపోయినా, బిడ్డ మీద ధ్యాస లేకపోయినా "బాలింత కదా" అని వదిలేయకండి. డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

బారసాల ఆలస్యమైనా ఫరవాలేదు. ఆమె తిన్నదా, పడుకున్నదా అని రోజూ అడిగేవారు ఒకరుండాలి.