గోరుచుట్టు మీద కత్తిపోటు

వేలి కొస ఎర్రబడి, వాచి, రాత్రంతా సలుపుతుంటే మన ఇళ్లలో నిమ్మకాయకు చిల్లు పెట్టి తొడుగుతారు. ఆస్పత్రికి వెళ్తే చీము పట్టిందని కోసి, కట్టు కడతారు. మామూలు గోరుచుట్టుకు ఆ కోత మంచిదే. కానీ అచ్చం అలాగే కనిపించే ఇంకో జబ్బుంది. దానికి కత్తి తగిలితే అపకారమే.

పెదవి మీద జ్వరపు పొక్కులు లేపే హెర్పిస్ వైరస్ వేలికీ సోకుతుందని బ్రిటిష్ చర్మవైద్యుడు హెచ్.జి. ఆడమ్సన్ 1909లోనే రాశారు. అది వైద్యుల్లో చాలామందికి పట్టలేదు. దాని తీవ్రత బయటపడింది 1959లో. నర్సుల వేళ్లకు వస్తున్న ఈ పొక్కులు ఆస్పత్రిలోనే అంటుకుంటున్నాయని ఆ ఏడాది 'లాన్సెట్' పత్రికలో బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు. రోగుల నోట్లో, గొంతులో ఊరే స్రావాలను శుభ్రం చేసేది నర్సులే. గ్లవ్స్ లేని చేతి మీద చిన్న గీత ఉన్నా వైరస్‌కు చాలు. దంతవైద్యులకూ ఇదే గతి. పరాయివాళ్ల నొప్పి తీర్చబోయి తెచ్చుకున్న ఈ నొప్పిని వృత్తిలో మామూలేనని సరిపెట్టుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

తేడా ఎలా తెలుస్తుంది? ముందు చురుకు, మంట. తర్వాత గుంపుగా చిన్న నీటిపొక్కులు. అవి కలిసిపోయి మసకబారితే చీములాగే ఉంటాయి. కానీ చీము గడ్డలో వేలి కొస బిగుసుకుపోతుంది, ఇందులో మెత్తగానే ఉంటుంది. పారిస్ వైద్యుడు ఆర్నో జాంక్ 1947లో తేలికైన పరీక్ష చెప్పారు: పొక్కు అడుగును గీకి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే అనేక కేంద్రకాలున్న పెద్ద కణాలు కనిపిస్తాయి. ఆటలమ్మ పోసినా ఆ కణాలే కనిపిస్తాయి కాబట్టి ఇప్పుడు పీసీఆర్ చేస్తున్నారు. కోస్తే లోపల చీముండదు. పైగా ఆ గాయంలో బ్యాక్టీరియా చేరుతుంది, వైరస్ పాకుతుంది.

మందు విషయంలో గెర్ట్రూడ్ ఎలియన్‌ను తలచుకోవాలి. ఆడపిల్లని ల్యాబుల్లో ఉద్యోగమివ్వని రోజుల్లో చదువు ముగించి, 1944లో బరోస్ వెల్కమ్ సంస్థలో చేరిందామె. పీహెచ్‌డీ పూర్తిచేయలేదు. ఈ వైరస్‌కు వాడే అసైక్లోవిర్ పనితీరును ఆమె బృందమే 1970ల్లో విప్పి చెప్పింది. వైరస్ సొంత ఎంజైమే ఆ మందును మేల్కొలుపుతుంది. అందుకే వైరస్ సోకని కణాల జోలికి అది పెద్దగా పోదు. మందుకు 1982లో అమెరికా అనుమతి, ఆమెకు 1988లో నోబెల్.

జబ్బు రెండు మూడు వారాల్లో దానంతటదే మానుతుంది. మొదటి రెండు రోజుల్లో మాత్రలు మొదలైతే ఇంకా త్వరగా తగ్గవచ్చు. అప్పటిదాకా వేలికి పొడి కట్టు కట్టుకోవాలి, ఆ చేత్తో కళ్లు నలపకూడదు. నోటి పొక్కులున్న పసిపిల్లలు వేలు చీకితే వాళ్లకూ వస్తుంది. నోటి పొక్కుల సంగతి డాక్టరుకు ముందే చెబితే కత్తి దాకా పోకుండా ఆగుతారు.