దంచిన పొడి, ఇంకిన పాకం

సల్ఫైడ్ ఎలక్ట్రోలైట్ పొడికి కాస్త చెమ్మ తగిలితే చాలు, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. ఆ వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్, విషవాయువు. అందుకే ఆర్గాన్ నింపిన పెట్టెకు బిగించిన రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి ఈ పొడిని ముట్టుకుంటారు. తడి అంటేనే హడలిపోయే ఇలాంటి సరుకును ద్రవంలో తయారుచేయడమంటే వినడానికి విడ్డూరమే.

బ్యాటరీలో లిథియం అయాన్లను ఈ కొస నుంచి ఆ కొసకు మోయడం ఎలక్ట్రోలైట్ పని. మామూలు బ్యాటరీలో ఆ పని చేసేది మండే స్వభావమున్న ద్రవం. 1981లో ఫ్రాన్స్‌లో మెర్సియె బృందం లిథియం సల్ఫైడ్, ఫాస్పరస్ పెంటాసల్ఫైడ్, లిథియం అయొడైడ్ కలిపి కరిగించి, అయాన్లను మోసే ఘన గాజు చేసింది. గంధకం ఆవిరైపోకుండా ఇలాంటి మిశ్రమాలను క్వార్ట్జ్ గొట్టంలో మూసి కాచి, చప్పున చల్లార్చేవారు. తర్వాత జపాన్‌లోని ఒసాకా ప్రిఫెక్చర్ విశ్వవిద్యాలయంలో తత్సుమిసాగో, హయాషీల బృందం పొయ్యి పక్కనపెట్టి దంచుడు మొదలుపెట్టింది. జిర్కోనియా గిన్నెలో జిర్కోనియా గుండ్లూ ముడిపొడులూ వేసి గంటల తరబడి గిరగిరా తిప్పితే, ఆ గుద్దులకే గాజు తయారవుతుంది. గ్రాముల్లో పని జరిగే ల్యాబుకు ఇది చాలు. కార్లకు టన్నుల్లో కావాలంటే ఎన్ని గిన్నెలు తిప్పాలి?

2013లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల వాళ్లు ముడిపదార్థాలను టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావకంలో వేసి కలిపారు. వచ్చిన తెల్లటి పొడిలో ఒక్కో లిథియం థయోఫాస్ఫేట్‌ను మూడు ద్రావక అణువులు అంటిపెట్టుకుని ఉన్నాయి. 140 డిగ్రీల దగ్గర వేడిచేస్తే అవి వెళ్లిపోయి, సన్నటి రంధ్రాలున్న స్ఫటికం మిగిలింది. మామూలు రూపం కంటే సుమారు వెయ్యి రెట్లు బాగా అయాన్లను పోనిచ్చింది.

మరుసటి ఏడాది ఒసాకా వాళ్లు ఎన్-మిథైల్‌ఫార్మమైడ్ ద్రావణంతో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ రేణువులకు సల్ఫైడ్ పూత పట్టించారు. 2015లో ఇథనాల్లో ఆర్గిరొడైట్ అనే సల్ఫైడ్ ఎలక్ట్రోలైట్ తీశారు. ఈ పేరు వెనక కథ వేరే ఉంది: అసలు ఆర్గిరొడైట్ జర్మనీలోని ఫ్రైబర్గ్ గనుల్లో దొరికిన వెండి ఖనిజం. 1886లో రసాయనవేత్త వింక్లర్ దాన్ని విశ్లేషిస్తే లెక్క ఎంతకీ నూరుకు చేరలేదు, ఏడు పాళ్ల దాకా తక్కువ పడింది. ఆ లోటే జర్మేనియం అనే కొత్త మూలకం. బ్యాటరీలో వాడే ఆర్గిరొడైట్‌లో వెండీ లేదు, జర్మేనియమూ లేదు. పోలికల్లా స్ఫటికం అల్లికలోనే.

ద్రవానికున్న అసలు సుగుణం దక్షిణ కొరియాలో తేలింది. 2017లో అక్కడి పరిశోధకులు ముందే తయారైన ఎలక్ట్రోడ్‌లోకి ఇథనాల్ ద్రావణాన్ని ఇంకించారు. వేయించిన కాజా పొరల్లోకి పాకం దిగినట్టే. పొడిని ఎంత నొక్కినా చేరని సందుల్లోకి ద్రావణం చేరింది.

చిక్కల్లా ద్రావకాన్ని మళ్లీ పూర్తిగా వెళ్లగొట్టడంలోనే. దాని అవశేషం మిగిలితే అయాన్ల దారికి అడ్డం. 2019లో కెనడాలోని వాటర్లూలో లిండా నాజర్ బృందం టెట్రాహైడ్రోఫ్యూరాన్, ఇథనాల్ రెండూ వాడి మేలైన ఆర్గిరొడైట్లు చేసింది. వాటిని చివరికి 550 డిగ్రీల పొయ్యిలోనే కాల్చాల్సి వచ్చింది.