కంట్రోలు రోజుల్లో కొండదారి బియ్యం

అరకు నుండి పాడువా మీదుగా కోరాపుట్ పోయే దారిలో రాష్ట్రం ఎక్కడ మారిందో కాలికి తెలియదు. అటూ ఇటూ అవే సామలు, అవే చోళ్లు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడినప్పుడు, అంతవరకు విశాఖపట్నం జిల్లాలో ఉండిన జయపురం జమీందారీ అటు పోయింది. అరకు మదరాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. సంతలు ఆ గీతను అప్పట్లో పెద్దగా లెక్కచేయలేదు. జయపురం బియ్యం బండ్ల మీద ఘాటీ దిగి సాలూరు చేరేది. ఉప్పు, గుడ్డ, కిరసనాయిలు పైకెక్కేవి.

1942 మార్చిలో రంగూను జపానువారి వశమైంది. బర్మా నుండి ఏటా వచ్చే పది లక్షల టన్నులకు పైబడిన బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఇక ఏ రాష్ట్రానికారాష్ట్రం తన గింజలు బయటికి పోరాదని కట్టుదిట్టాలు చేసుకున్నది. పర్మిట్టు లేని బియ్యం పొలిమేర దాటితే అది దొంగసరుకే. 1943 మేలో ఢిల్లీ సర్కారు తూర్పు రాష్ట్రాల మధ్య అడ్డంకులు ఎత్తివేసింది. బెంగాలు వర్తకులు ఒరిస్సాలో ఎగబడి కొన్నారు, ధరలు మండిపోయాయి. జూలై దాటేసరికి మళ్లీ అడ్డుకట్టలు పడ్డాయి. అదే మూట, మేలో వర్తకం, ఆగస్టులో నేరం! మదరాసు వైపున ఆ రెండు నెలల వెసులుబాటు కూడా లేదు.

పట్టణాల్లో రేషను పెద్దవారికి రోజుకొక పౌను గింజలుగా మొదలై, 1946లో 12 ఔన్సులకు దిగింది. మూటలు మోసే కూలివానికి అదెట్లా చాలుతుంది? చీకటి బజారుకు గిరాకీ అక్కడ పుట్టింది. బండినైతే ఘాటీ రోడ్డున ఆపవచ్చు. కావిడితో అడవిదారిన దిగేవానిని ఆపాలంటే ఎందరు జవాన్లు కావాలి?

అయితే కావిడి మోసినవాడు బాగుపడ్డాడనుకోకండి. అప్పు కింద కళ్లంలోనే గింజలు కొలిచి ఇచ్చేసిన రైతుకు చీకటి ధర అందే మాటే లేదు. ఏజెన్సీలో వడ్డీ నూటికి 24 మించరాదని 1917లోనే చట్టముంది. ఏం లాభం? చట్టం పుస్తకంలో ఉంది, గింజలు షావుకారు కొట్టులో ఉన్నాయి. ఆషాఢ శ్రావణాల్లో పండించినవాని ఇంట మామిడిటెంక పిండి అంబలి కాగేది. దొంగ బియ్యం కథలో నాకు అన్నిటికంటె బరువైనది ఇదే.

1952 జూన్‌లో రాజాజీ మదరాసు రాష్ట్రంలో రేషను ఎత్తివేశారు. షావుకారు పద్దులు మాత్రం అట్లాగే ఉన్నాయి. కొండసరుకు సంతలోనే కొని, ఉప్పూ పప్పూ అమ్మే గిరిజన సహకార సంస్థ విశాఖపట్నంలో ఏర్పడింది 1956లో.