పేరు వెనుక చరిత్ర: అమృతాంజనం నుంచి సిద్దిపేట గొల్లభామ వరకు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వ్యాపార నామాన్ని చారిత్రక ఆధారంగా పరిశీలించే పద్ధతిని తెలుసుకుంటారు.
• ఒక పేరు ఏ కాలంలో, ఎవరిని ఉద్దేశించి పుట్టిందో వివరించగలుగుతారు.
• ట్రేడ్‌మార్కుకూ భౌగోళిక సూచికకూ గల తేడాను గుర్తించగలుగుతారు.

పరిచయం

చరిత్ర ఆధారాలు అనగానే శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్తావేజులు గుర్తుకు వస్తాయి. మందు సీసా మీది పేరును కూడా ఆ వరుసలో చేర్చవచ్చు అంటే తరగతిలో కొందరు నవ్వేవారు. కాని శాసనం వేయించిన రాజుకు ఒక ఉద్దేశం ఉన్నట్లే, సరుకుకు పేరు పెట్టిన వ్యాపారికీ ఒక ఉద్దేశం ఉంటుంది. కనుక ఏ పేరునైనా మూడు ప్రశ్నలు అడగాలి. అది ఏ భాషలో ఉంది? ఎవరి నమ్మకాన్ని కోరుతోంది? దానిపై హక్కు ఎవరిది? మన ప్రాంతానికి చెందిన నాలుగు పేర్లను ఈ ప్రశ్నలతో పరిశీలిద్దాం.

1. అమృతాంజనం: అందరికీ అర్థమయ్యే మాట

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ఒక నొప్పి నివారణ లేపనాన్ని తయారుచేసి అమ్మడం ప్రారంభించారు. అమృతం, అంజనం అనే రెండు సంస్కృత పదాలు సవర్ణదీర్ఘ సంధితో కలిసి దాని పేరైంది. బొంబాయిలో కొనుగోలుదారులు ప్రధానంగా మరాఠీ, గుజరాతీ మాట్లాడేవారు. అచ్చ తెలుగు పేరు వారికి అర్థం కాదు. ఈ సంస్కృత సమాసం మరాఠీవారికీ, గుజరాతీవారికీ, తమిళులకూ, తెలుగువారికీ సులభంగా అందుతుంది. తెలుగువారికి ఇందులో మరో స్ఫురణ కూడా ఉంది. పోయిన వస్తువును కనుగొనడానికి అంజనం వేసి చూడడం మన పల్లెల్లో పాత నమ్మకం. అందువల్ల అంజనం అంటే పూసుకునే పదార్థం మాత్రమే కాదు, కంటికి కనిపించని మహిమ కూడా.

ఈ పేరు తెచ్చిన రాబడి వ్యాపారంతో ఆగలేదు. నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. అది 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. అనేక ప్రాంతాల జనం కొన్న ఒక డబ్బా తెలుగు పత్రికారంగానికి అండగా నిలిచింది.

2. జిందా తిలిస్మాత్: హైదరాబాదు సంస్థాన భాష

హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో హైదరాబాదులో రూపొందించిన మందుకు జిందా తిలిస్మాత్ అని పేరు పెట్టారు. జిందా పారసీ పదం. సజీవమైనది అని అర్థం. తిలిస్మ్ అంటే మాయ. దాని బహువచనం తిలిస్మాత్. ఈ మాట గ్రీకు నుంచి అరబ్బీలోకి, అక్కడినుంచి పారసీ, ఉర్దూలలోకి చేరింది. ఉర్దూ దాస్తాన్ కథలు విన్నవారికి తిలిస్మ్ అనగానే మాయానగరాలు కళ్లముందు కదులుతాయి. సంస్థానంలో అధికార భాష ఉర్దూ కనుక ఈ పేరు సహజంగా కుదిరింది.

పెట్టె మీద కనిపించే ఆఫ్రికా యోధుని బొమ్మ కూడా ఒక ఆధారమే. నిజాం సైన్యంలో ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీ అశ్వదళం ఉండేది. నగరంలో దేహబలానికి గుర్తుగా నిలిచిన ఆ రూపాన్ని మందు తనకు సాక్ష్యంగా తెచ్చుకుంది. ఆ దళం అంతరించినా బొమ్మ నిలిచింది. అయితే పేరు చదవలేని తెలుగు రైతు కూడా బొమ్మను చూసి మందును గుర్తుపట్టేవాడు. అక్షరాస్యత తక్కువగా ఉన్న కాలంలో బొమ్మ కూడా పేరుతో సమానం.

3. కరాచీ బేకరీ: విడిచి వచ్చిన ఊరు

దేశ విభజన సమయంలో సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో హైదరాబాదు మొజంజాహీ మార్కెట్ వద్ద కరాచీ బేకరీని స్థాపించారు. ఇక్కడ కరాచీ అనేది సరుకు గుణాన్ని తెలిపే మాట కాదు. కాందిశీకుడు కోల్పోయిన ఊరు. కాలం మారితే పేరు స్ఫురింపజేసే అర్థం కూడా మారుతుంది. 2019లో పుల్వామా దాడి తరువాత బెంగుళూరు శాఖలో, నిరసనల కారణంగా, బోర్డుపై ఆ మాటను కప్పివేయవలసి వచ్చింది. 2025లో హైదరాబాదులోనూ నిరసనలు జరిగాయి. విభజన వల్ల నష్టపోయిన కుటుంబం పెట్టుకున్న జ్ఞాపకాన్ని శత్రుదేశం గుర్తుగా చదవడం వల్ల ఈ ఇబ్బంది ఏర్పడింది. పేరు పుట్టిన సందర్భం తెలియకపోతే ఎంత అన్యాయం జరగగలదో ఈ ఉదాహరణ చూపుతుంది.

4. సిద్దిపేట గొల్లభామ: యజమాని లేని పేరు

పై మూడు పేర్లకూ యజమానులు ఉన్నారు. బ్రిటిష్ ఇండియాలో ట్రేడ్‌మార్కుల నమోదుకు 1940లో చట్టం వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది 1999 నాటి చట్టం. నమోదైన ట్రేడ్‌మార్కును యజమాని అమ్ముకోవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు.

సిద్దిపేట చీర సంగతి వేరు. నెత్తిన పాలకుండతో నడిచే గొల్ల స్త్రీ బొమ్మను ఇక్కడి నేతన్నలు చీర మీద అదనపు పేక పోగులతో మగ్గంపైనే నేస్తారు. ఆ బొమ్మ పేరే చీర పేరైంది. గొల్లభామ అనగానే కూచిపూడి గొల్లకలాపంలో చల్లకుండతో వచ్చి బ్రాహ్మణునితో వాదించే స్త్రీ గుర్తుకు వస్తుంది. పొలంగట్టున పచ్చగా కనిపించే పురుగు కూడా గుర్తుకు వస్తుంది. ఈ పేరును ఏ కంపెనీ ఆలోచించి పెట్టలేదు. కొన్నవారు, నేసినవారు పిలుచుకోగా నిలిచింది.

ఇటువంటి ఉమ్మడి పేర్ల కోసమే 1999లో భౌగోళిక సూచికల చట్టం చేశారు. అది 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. సిద్దిపేట గొల్లభామ ఈ చట్టం కింద నమోదైంది. ఈ హక్కు ఉత్పత్తిదారుల సమూహానిది. దీనిని అమ్మడానికి, ఇతరులకు బదిలీ చేయడానికి వీలులేదు. పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ప్రతి నేతన్న అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి.

అయితే చట్టం ముఖ్యంగా పేరును కాపాడుతుంది. మరమగ్గం (మన వాడుకలో సాంచా) గుడ్డ మీద అదే బొమ్మను అచ్చువేసి, ఊరి పేరు చెప్పకుండా తక్కువ ధరకు అమ్మేవారిని ఆపడం కష్టం. ఒక్కొక్క పోగు చేర్చి బొమ్మ నేయడానికి రోజులు పడతాయి. ఆ శ్రమకు తగిన కూలి రాక కొత్త తరం మగ్గానికి దూరమవుతోంది. నేసేవారు కొద్దిమందే మిగిలారు. కంపెనీ యజమాని మారినా కొత్త యజమాని చేతిలో పేరు కొనసాగుతుంది. గొల్లభామకు ఆ వెసులుబాటు లేదు. నేసే చేయి ఆగిపోతే నమోదు పత్రం మాత్రమే మిగులుతుంది.

సారాంశం

పేరులోని భాష అది ఎవరి కోసం పుట్టిందో చెబుతుంది. దాని స్ఫురణలు కాలంతో మారతాయి. దానిపై హక్కు ఎవరిదో పరిశీలిస్తే ఆర్థిక సంబంధాలు బయటపడతాయి. చట్టం పేరుకు రక్షణ ఇవ్వగలదు కాని, ఆ పేరు వెనుక ఉన్న పనికి గిట్టుబాటు ధర ఇవ్వలేదు. ఆ ధరను నిర్ణయించేవారిలో కొనే మనమూ ఉన్నాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అమృతాంజనం, జిందా తిలిస్మాత్ పేర్లలోని భాషా నేపథ్యాలను పోల్చండి.
2. కరాచీ బేకరీ పేరుపై వచ్చిన వివాదాన్ని చారిత్రక దృష్టితో వివరించండి.
3. ట్రేడ్‌మార్కుకూ భౌగోళిక సూచికకూ గల తేడాలను గొల్లభామ ఉదాహరణతో తెలపండి.
4. అభ్యాసం: మీ ఊరి బజారులో ఒక పాత దుకాణం లేదా సరుకు పేరును ఎన్నుకొని, ఆ పేరు ఎవరు, ఎందుకు పెట్టారో పెద్దలను అడిగి ఒక పుట రాయండి.