మా బుజ్జి జుట్టు వెనక ఉన్న చరిత్ర



మా ఇంట్లో బుజ్జి అనే యార్క్‌షైర్ టెర్రియర్ ఉంది. మూడు కిలోల బరువు, నేల మీద జీరాడే పట్టులాంటి జుట్టు. ఈ వారం ఆ జాతి చరిత్ర చెబుతాను. అది తెలియకే నేను బుజ్జిని బాధపెట్టాను మరి.

19వ శతాబ్దం మధ్యలో స్కాట్లండ్ నుంచి నేతపనివాళ్ళు బతుకుతెరువు వెతుక్కుంటూ ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్, లాంకషైర్ మిల్లులకు వలస వచ్చారు. వాళ్ళ వెంట చిన్న చిన్న టెర్రియర్ కుక్కలూ వచ్చాయి. ఎలుకలు పట్టడం వాటి పని. మనలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళ కుక్కలన్నమాట! వాటి సంతతి నుంచే ఈ జాతి తయారైంది.

1865లో పుట్టిన హడర్స్‌ఫీల్డ్ బెన్ అనే కుక్కను దీనికి మూలపురుషుడంటారు. బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన మేరీ ఆన్ ఫోస్టర్ దాన్ని పోటీలకు తీసుకెళ్ళి ఎన్నో బహుమతులు గెలిచారు. 1871లో అది బండి కింద పడి చనిపోయింది. ఆరేళ్ళే బతికినా దాని పిల్లలు జాతిని నిలబెట్టాయి. ‘యార్క్‌షైర్ టెర్రియర్’ అన్న పేరు 1870 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది.

ఎలుకలు పట్టే కుక్కకు ఇంత జుట్టెందుకు? దానికి అక్కర్లేదు, మనుషులకే కావాలి. 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది, ప్రదర్శనలు పెరిగాయి. జుట్టు ఎంత పొడుగుంటే అంత గొప్ప. నూనె రాసి, పాయలు తీసి కాగితాల్లో చుట్టి పెంచేవారు. బెన్ దాదాపు 5 కిలోలుండేది. నేటి బ్రిటిష్ ప్రమాణం 3.2 కిలోలు దాటకూడదంటుంది. అలా మిల్లు కుక్క ఒళ్ళో బొమ్మయింది.

చాలా కుక్కలకుండే మెత్తని లోపలి బొచ్చు దీనికి లేదు. మన తలవెంట్రుకల్లా పెరుగుతూనే ఉంటుంది. ఊడిన వెంట్రుక కింద పడకుండా మిగతావాటిలో చిక్కుకుంటుంది. నిరుడు పని ఒత్తిడిలో రెండు నెలలు పైపైన దువ్వి, చిక్కు తియ్యకుండానే స్నానాలు చేయించాను. చంకల్లో, చెవుల వెనక జుట్టు ముద్దకట్టింది. ఎత్తుకోబోతే కీచుమంది. పశువుల డాక్టరుగారు గొరిగితే కింద చర్మం ఎర్రగా పుండై ఉంది. మా అత్తగారు, “తలంటు పోసేముందు పిల్లలకి చిక్కు తియ్యమూ? దీనికీ అంతేనమ్మా” అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు రోజూ పది నిమిషాలు, కుదుళ్ళ దాకా దువ్వుతాను. తడిస్తే చిక్కు ఇంకా బిగుస్తుంది కనుక దువ్వాకే స్నానం, అదీ కుక్కల షాంపూతోనే. కళ్ళలో పడే జుట్టు పైకి కడతాను. చెవులు, గోళ్ళు చూస్తాను. ఈ జాతికి పళ్ళ జబ్బులెక్కువ, అందుకని కుక్కల పేస్టుతో రోజూ తోముతాను. మన పేస్టు వాడకండి, కొన్నిటిలోని జైలిటాల్ వాటికి విషం. మెడకు పట్టీ బదులు ఛాతీకి హార్నెస్ కడితే సున్నితమైన శ్వాసనాళం మీద ఒత్తిడి పడదు. మన వంటింటి ఉల్లిపాయ, కిస్‌మిస్ అసలు పెట్టకూడదు.

మన ముచ్చట కోసం పెంచిన జుట్టు అది, మోసేది మాత్రం కుక్క. అందుకే బుజ్జికి పొట్టిగా కత్తిరించేశాం. అందం పోయిందని పిల్లలు అలిగారు గానీ, ఎత్తుకుంటే బుజ్జి ఇప్పుడు కీచుమనడం లేదు.