కార్టు వెనుక చక్రానికి లిమిటెడ్ స్లిప్ హబ్

లిమిటెడ్ స్లిప్ హబ్ అంటే వెనుక ఇరుసుకు, చక్రానికి మధ్య చిన్న ఘర్షణ క్లచ్ అమర్చిన హబ్. మామూలుగా చక్రం ఇరుసుతో కలిసి తిరుగుతుంది. మలుపులో రెండింటి వేగాలకు తేడా వచ్చి, ముందుగా పెట్టుకున్న టార్క్ దాటగానే క్లచ్ జారుతుంది. జారుతున్నప్పుడు కూడా చక్రాన్ని పూర్తిగా వదిలేయదు. ఆ పెట్టుకున్న మేరకు లాగుతూనే ఉంటుంది. చిన్న కార్టులో కారు డిఫరెన్షియల్‌కు చోటు ఉండదు, దాని బరువూ ఖర్చూ గిట్టవు. అందుకే సొంతంగా కార్టు కట్టుకునేవారు లేత్ మీద చేయించుకోగల ఇలాంటి హబ్ వైపు చూస్తారు.

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం నడవాలి. ఎంత ఎక్కువ అన్నది మలుపు ఎంత విశాలమో దాన్ని బట్టి ఉండదు. చక్రాల మధ్య ఎడాన్ని తిరిగిన కోణంతో గుణిస్తే వస్తుంది. ఎడం 1 మీటరు అయితే 90 డిగ్రీల మలుపులో తేడా 1.57 మీటర్లు. సందు మలుపైనా, మైదానంలో చుట్టు తిరిగినా అంతే. రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించి ఉంటే ఈ తేడానంతా టైర్లు నేల మీద రాసుకుంటూ సర్దుకోవాలి. బండి తిరగనని మొరాయిస్తుంది, ఇంజను బలం కొంత టైర్ల అరుగుదలకు పోతుంది.

పందెం కార్టులు ఈ చిక్కును మరో దారిలో తప్పించుకుంటాయి. వాటికి సస్పెన్షన్ ఉండదు. స్టీరింగ్ తిప్పగానే క్యాస్టర్ కోణం (ముందు చక్రం మలిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) వల్ల లోపలివైపు ముందు చక్రం కిందికి నొక్కుకుంటుంది, గొట్టాల ఛాసిస్ మెలితిరుగుతుంది, లోపలి వెనుక చక్రం నేల నుంచి తేలుతుంది. తేలిన చక్రానికి రాపిడి లేదు. ఇంట్లో కట్టిన కార్టుల్లో ఛాసిస్‌ను ఎక్కువగా చదరపు గొట్టాలతో బిగువుగా వెల్డింగ్ చేస్తారు, క్యాస్టర్‌ను అంతగా పట్టించుకోరు. చక్రం లేవదు. హబ్ అవసరం అక్కడ పుడుతుంది.

ఇంతకన్నా సులువైన మార్గం ఒక చక్రాన్నే ఇరుసుకు బిగించి, రెండోదాన్ని బేరింగ్ మీద వదిలేయడం. మలుపులు హాయిగా తిరుగుతుంది కానీ బిగించిన చక్రం ఇసుకలో పడితే బండి కదలదు. రెండు చక్రాలకూ సైకిల్ ఫ్రీవీల్ లాంటి ఒకవైపు తిరిగే హబ్‌లు పెట్టడం ఇంకో పద్ధతి. బయటి చక్రం ముందుకు పరుగెత్తుతుంది, లోపలిది లాగుతుంది. అయితే రివర్స్ పనిచేయదు, పైగా ఇరుసు మీది బ్రేకు చక్రాలకు అందదు. ఇరుసు ఆగిపోయినా చక్రాలు దొర్లుతూనే ఉంటాయి. ఈ పద్ధతిని ఎంచుకునేవారు బ్రేకులను నేరుగా చక్రాలకే పెట్టాలి. లేకపోతే అది ప్రాణాంతకం.

ఘర్షణ క్లచ్ ఈ రెండింటికీ మధ్యేమార్గం. సాధారణ అమరికలో ఎడమ చక్రం ఇరుసుకు కీతో బిగించి ఉంటుంది, కుడి చక్రం హబ్ బేరింగ్‌ల మీద ఉండి క్లచ్ ప్లేట్ల ద్వారానే ఇరుసుతో కలుస్తుంది. అసలు పనంతా ఆ క్లచ్‌ను ఎంత టార్క్ దగ్గర జారేలా పెట్టాలో తేల్చడంలోనే ఉంది. మనిషితో కలిపి 150 కిలోల బండిని తీసుకుంటే, అందులో 60 శాతం వెనుక పడితే ఒక్కో చక్రం మీద 45 కిలోలు. ఘర్షణ గుణకం 0.8, టైరు వ్యాసార్థం 14 సెంటీమీటర్లు అనుకుంటే టైరు జారకుండా మోయగల టార్క్ సుమారు 49 న్యూటన్ మీటర్లు. మలుపులో లోపలి చక్రం మీద బరువు 25 కిలోలకు తగ్గితే ఆ హద్దు 27కు పడిపోతుంది. టైరు కన్నా ముందు క్లచ్ జారాలి కాబట్టి 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల పెట్టుకోవడం సబబు.

క్లచ్ మోసే టార్క్ అంటే ఘర్షణ తలాల సంఖ్య, ఘర్షణ గుణకం, స్ప్రింగ్ ఒత్తిడి, ప్లేటు సగటు వ్యాసార్థం ఈ నాలుగింటి లబ్ధం. లైనింగ్ ఉన్న ప్లేట్లు రెండైతే తలాలు నాలుగు. పొడి లైనింగ్‌కు గుణకం 0.3, సగటు వ్యాసార్థం 45 మిల్లీమీటర్లు అయితే 20 న్యూటన్ మీటర్లకు దాదాపు 370 న్యూటన్ల ఒత్తిడి చాలు. నూనెలో తడిసే ప్లేట్లకు గుణకం 0.1 దగ్గరికి దిగుతుంది కాబట్టి 1,100 న్యూటన్లు కావాలి. మోటారు సైకిల్ క్లచ్ ప్లేట్లు చాలావరకు నూనెలో నడవడానికి చేసినవే. వాటిని పొడిగా వాడితే పట్టుకుని వదులుతూ కటకటలాడతాయి. పైగా ఆ క్లచ్ ఇంజను టార్క్‌కు జారకుండా ఉండేలా చేసినది. దాని స్ప్రింగులన్నీ అలాగే ఉంచితే ఇక్కడ ఎప్పటికీ జారదు. ప్లేట్లు తగ్గించి, మెత్తని స్ప్రింగులు వేయాలి.

తయారీలో ఇరుసుకు ఈఎన్ 8 లాంటి మధ్యస్థ కర్బన ఉక్కు సరిపోతుంది. 25 మిల్లీమీటర్ల ఇరుసుకు ప్రామాణిక కీ 8 మిల్లీమీటర్ల వెడల్పు, 7 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. క్లచ్ లోపలి భాగం ఈ కీ మీద కూర్చుంటుంది, వెలుపలి డబ్బా చక్రపు హబ్‌కు బోల్టులతో బిగుస్తుంది. హబ్‌కు ఒక్క బేరింగ్ చాలదు. మలుపులో టైరు పక్కకు తోసే బలం చక్రాన్ని వంచజూస్తుంది. 25 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న 6005 లేదా 6205 బేరింగ్‌లు రెండింటిని వీలైనంత ఎడంగా వేయాలి. పొడి క్లచ్ అయితే రెండు వైపులా రబ్బరు సీల్ ఉన్నవే వాడాలి. గ్రీజు లైనింగ్ మీదికి పాకితే లెక్కలన్నీ తప్పుతాయి. ఒత్తిడికి కప్పులా వంగిన స్ప్రింగ్ వాషర్లు తక్కువ చోటులో ఇముడుతాయి. వాటిని ఎదురెదురుగా పేర్చితే లైనింగ్ కొంత అరిగినా ఒత్తిడి ఒక్కసారిగా పడిపోదు. హబ్ ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి చివరి నట్టు వదులయ్యే ప్రమాదం ఉంది. దానికి స్ప్లిట్ పిన్ తప్పనిసరి. పాత లైనింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, వాటిని రాకుతూ ఆ ధూళి పీల్చకూడదు.

సర్దుబాటుకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. బండి వెనుక భాగాన్ని ఎత్తి, ఇరుసు తిరగకుండా పట్టి, 2 మీటర్ల కడ్డీని సరిగ్గా మధ్యలో చక్రానికి అడ్డంగా కట్టాలి. అప్పుడు కడ్డీ బరువు రెండువైపులా తూగిపోతుంది. ఒక కొసకు, అంటే కేంద్రం నుంచి 1 మీటరు దూరంలో, రెండు లీటర్ల నీళ్ల సీసా వేలాడదీస్తే టార్క్ 20 న్యూటన్ మీటర్లకు కాస్త అటూ ఇటూ అవుతుంది. చక్రం నెమ్మదిగా దిగేవరకు స్ప్రింగ్ వాషర్లను నొక్కే నట్టును సర్దాలి. కొత్త లైనింగ్ కొంత నడిచి తలం సర్దుకున్నాక ఇదే పరీక్ష మళ్లీ చేయాలి. వేడి గురించి పెద్దగా భయం అక్కర్లేదు: 10 మీటర్ల వ్యాసార్థపు మలుపును గంటకు 30 కిలోమీటర్లతో తిరిగినా క్లచ్‌లో పుట్టేది సుమారు 120 వాట్లు, అదీ మలుపు ఉన్నంతసేపే.

బ్రేకు విషయం మాత్రం తేలిగ్గా తీసుకోరాదు. చాలా కార్టుల్లో బ్రేకు డిస్క్ ఒక్కటే, అది ఇరుసు మీద ఉంటుంది. క్లచ్ చక్రానికి ఆ డిస్క్ నుంచి చేరేది 20 న్యూటన్ మీటర్లే, బిగించిన చక్రానికి మిగతాదంతా. గట్టిగా బ్రేకు వేస్తే బండి బిగించిన చక్రం వైపు లాగుతుంది. కాబట్టి క్లచ్ చక్రపు హబ్‌కు విడిగా డిస్క్ బిగించాలి, లేదా ముందు చక్రాలకు బ్రేకులు పెట్టాలి. ఇంటి తయారీల్లో ఎక్కువగా విస్మరించేది ఇదే.

క్లచ్ హబ్‌ను ఒక చక్రానికే పెట్టడంలో ఇంకో లోపం ఉంది. హోండా జీఎక్స్ 200 ఇంజను గరిష్ఠ టార్క్ 12.4 న్యూటన్ మీటర్లు. చైను ఆరింతలు చేస్తే ఇరుసుకు 74 చేరుతుంది. కుడి చక్రానికి 20 మించి పోదు, మిగిలినది ఎడమదానికి. తిన్నని దారిలోనూ పూర్తి థ్రాటిల్‌కు బండి కుడికి లాగుతుంది. కుడి మలుపులో బలమైన బయటి చక్రం తోస్తుంది కనుక బాగా తిరుగుతుంది. ఎడమ మలుపులో బిగించిన చక్రం లోపలికి వచ్చి ముందుగా జారిపోతుంది. సవ్యదిశలో తిరిగే ట్రాక్‌కు క్లచ్‌ను కుడివైపు పెట్టడం ఇందుకే. రెండువైపులా పెడితే సరిపోతుందనిపిస్తుంది గానీ, అప్పుడు ఇంజను టార్క్ మోయడానికి ఒక్కో క్లచ్‌ను 37 న్యూటన్ మీటర్లకైనా బిగించాలి. ఆ బిగువులో లోపలి క్లచ్ జారకముందే టైరు జారుతుంది, బండి మళ్లీ ఒకే కడ్డీ ఇరుసులాగే నడుస్తుంది. ఇంతకన్నా శక్తిమంతమైన బండికి పళ్లచక్రాలతో పాటు ఘర్షణ ప్లేట్లు ఉన్న అసలైన లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియలే తగినది.

అధికారిక పందేల్లో ఈ హబ్‌కు చోటు లేదు. ఇరుసు ద్వారా గానీ, చక్రపు హబ్ ద్వారా గానీ, మరే విధంగా గానీ డిఫరెన్షియల్ పనిచేయడాన్ని అంతర్జాతీయ కార్టింగ్ నిబంధనలు నిషేధించాయి.