చదివి చెప్పేవాడు

శ్రీముఖలింగంలో మధుకేశ్వరాలయపు శాసనాలను మా ఊరివాళ్ళు తరతరాలుగా చూస్తూనే ఉన్నారు. చదివి చెప్పేవాడు వచ్చేదాకా అవి వాళ్ళకు రాళ్ళే. ఈ దాపునే పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు, పర్లాకిమిడిలో బడి ఉద్యోగం చేస్తూ, పాత లిపులు తమంతట తామే నేర్చుకుని వాటిని చదివారు. గాంగుల కళింగనగరం ఈ ముఖలింగమేనని చెప్పారు.

పంతులుగారిని మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తలుచుకుంటాం. అయితే ఆ ఉద్యమాన్ని కేవలం రెండు శైలుల తగాదాగా చూస్తే దాని మూలం మనకు అందదు. చదువు ఎవరి సొత్తు కావాలన్నదే అక్కడి అసలు ప్రశ్న. సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ఆయన ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. ఆ తరువాతే వాచకాలు రాశారు, బడులు పెట్టారు. ఆ భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1931లో అచ్చయింది. ముందు నేర్చుకోవడం, తరువాత నేర్పడం: ఈ వరుసను మనం గుర్తుంచుకోవాలి.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటారా? మా జిల్లా ఉత్తరపు కొసన ఉద్దానం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల కొబ్బరి, జీడి తోటల మధ్య మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా రైతులనూ కూలీలనూ బలి తీసుకుంటోంది. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో 2210 మందిని పరీక్షిస్తే, నూటికి 18 మందికి జబ్బు ఉన్నట్టు తేలింది. ఆ జబ్బుపడ్డవాళ్ళలో నూటికి 73 మందికి మధుమేహం వంటి తెలిసిన కారణమేదీ దొరకలేదు. నీటిని, పురుగుమందులను, ఎండలో చేసే చాకిరీని అనుమానించారు. అసలు కారణం ఇంకా తేలలేదు.

ఆ వైపు వెళ్ళినప్పుడు ఒక కొబ్బరితోట కూలీ రక్తపరీక్ష కాగితం నా చేతిలో పెట్టి, “మేస్టారూ, ఇందల ఏటి రాసినారు? నాను బతుకుతానా?” అని అడిగాడు. క్రియాటినిన్ అన్న మాటనూ దాని పక్కనున్న అంకెనూ చదివాను. అర్థం చెప్పలేకపోయాను. ఎం.ఏ. తెలుగు చదివిన నాకు ఆ కాగితం రాయే అయింది.

పరిశోధనకూ ఆచరణకూ నడుమ నిలిచి చెప్పే మనిషిని పాశ్చాత్యులు ‘నాలెడ్జ్ బ్రోకర్’ అంటున్నారు. బ్రోకరంటే ఉద్దానం రైతుకు కొబ్బరి దళారీ గుర్తుకొస్తాడు. ఆ మాట మనకొద్దు. ఆ పని మాత్రం కావాలి. కెనడాలో 108 ప్రజారోగ్య విభాగాల మీద జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. అటువంటి మనిషిని నియమించినంత మాత్రాన అన్నిచోట్లా మార్పు రాలేదు. వినేవారి పనికి తగినట్టు మలిచి పంపిన సందేశం ఎక్కువ పనిచేసింది. పరిశోధనను పట్టించుకునే అలవాటు తక్కువున్న చోట నడిమి మనిషి అక్కరకొచ్చాడు. వినేవాణ్ణి తెలుసుకున్నాకే చెప్పాలన్నది పంతులుగారి అనుభవం కూడా.

2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మా వంశధార నీళ్ళిచ్చే పథకాన్నీ ఆనాడే ప్రారంభించారు. ఇవి కావలసినవే. కాని ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త చేతికి మనం ఏ తెలుగు ఇచ్చాం? వైద్యుడు చెప్పకుండా కొట్లో కొని మింగే నొప్పిమాత్రలు మూత్రపిండాలకు చేటని కూలీకి తెలియాలి. జబ్బుకు కారణం తేలలేదన్న నిజమూ అతనికి దాచకుండా చెప్పాలి. అలాగే అతను ఎండలో ఎన్ని గంటలు వంగి పనిచేస్తాడో, ఎప్పుడు నీళ్ళు తాగుతాడో పరిశోధకుడికి చేరాలి. ఒక వైపే మోస్తే అది తర్జుమా కాదు, తాఖీదు అవుతుంది.

ప్రజల భాషలో రాస్తున్నామని చెప్పుకునే రచయితలం ఈ పని మనది కాదనగలమా? ఆ కాగితం సంగతి తరువాత ఒక వైద్యమిత్రుని దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. మళ్ళీ ఉద్దానం వెళ్ళి, ఆ కూలీకి అతని మాటల్లోనే చెప్పాను. ముందు నేను నేర్చుకోవలసి వచ్చింది.